మన సంఘం – మన మనిషి

ఒక పల్లెటూరు. పేరు ఏదైనా కావచ్చు. ఆ ఊళ్లో మంచినీళ్ల ట్యాంకు ఉంది. ట్యాంకులో నీళ్లు మాత్రం లేవు. మోటారు కాలిపోయి ఎనిమిది నెలలయింది. ఆడవాళ్లు కిలోమీటరు దూరం పోయి, పొలంలో బోరు దగ్గర నీళ్లు పట్టుకొస్తున్నారు.

ఆ ఊళ్లో మహిళా సంఘం ఉంది. మోటారు బాగు చేయించమని సంఘం నాలుగుసార్లు అర్జీ ఇచ్చింది. మొదటిసారి సర్పంచ్ "చూద్దాం" అన్నాడు. రెండోసారి "డబ్బుల్లేవు" అన్నాడు. మూడోసారి ఇంట్లో లేడు. నాలుగోసారి ఆయన భార్య గుమ్మంలో నిలబడి అర్జీ అందుకుంది. ఆ కాగితం ఏమైందో ఎవరికీ తెలియదు.

ఇంతలో పంచాయతీ ఎన్నికలు వచ్చాయి. ఈసారి ఆ ఊరి సర్పంచ్ సీటు ఆడవాళ్లకు వచ్చింది.

రచ్చబండ దగ్గర

మర్నాడు పొద్దున్నే ఊరి పెద్దలు రచ్చబండ దగ్గర చేరారు. బియ్యం మిల్లు యజమాని కోడలిని సర్పంచ్ చేద్దామన్నారు. పోటీ వద్దన్నారు. పోటీ లేకుండా ఏకగ్రీవం చేస్తే మిల్లు యజమాని గుడికి మండపం కట్టిస్తాడట. అందరూ సరేనన్నారు.

అందరూ అంటే మగవాళ్లే. అక్కడ ఒక్క ఆడమనిషి లేదు. మిల్లు వాళ్ల కోడలు కూడా లేదు. ఆమె ఇంట్లో వంట చేస్తోంది. తనను సర్పంచ్ చేస్తున్నారన్న సంగతి ఆమెకు మధ్యాహ్నం తెలిసింది.

చాప మీద

ఆ రాత్రి బడి వరండాలో సంఘం మీటింగు పెట్టుకున్నారు. చాపలు పరుచుకుని కూర్చున్నారు.

"సీటు మనకొచ్చిందన్నారు. మనల్ని ఒక్క మాటైనా అడిగారా?" అంది పాలకేంద్రంలో లెక్కలు రాసే ఆమె.

"అడిగేదేముంది వదినా? సీటు ఆడదానికి, కుర్చీ మగవాడికి. ఎప్పుడూ ఇంతే గదా" అంది పక్కనున్నామె.

సంఘం లీడరు గొంతు సవరించుకుంది. "మిల్లు వాళ్ల కోడలు మంచి పిల్లే. ఆమెనే గెలిపిద్దాం. మోటారు బాగు చేయిస్తానని ముందే మాట తీసుకుందాం" అంది.

మూలన కూర్చున్న అవ్వ అడిగింది: "మాట ఎవరి దగ్గర తీసుకుంటావమ్మా? ఆ పిల్ల దగ్గరా? వాళ్ల మామ దగ్గరా?"

ఎవరూ మాట్లాడలేదు.

"ఆ పిల్లది తప్పు లేదు. కానీ రేపు ఒక సంతకం పెట్టాలంటే మామను అడగాలి. మామ వద్దంటే ఆమె ఏం చేస్తుంది? మనం ఏం చేస్తాం? మళ్లీ అర్జీ పట్టుకుని గుమ్మం ముందు నిలబడాల్సిందే. అదే మన మనిషి అనుకో. ప్రతి వారం వచ్చి ఈ చాప మీదే కూర్చుంటుంది. అడిగినదానికి జవాబు చెప్పాల్సిందే" అంది అవ్వ.

సంఘం తన మనిషిని ఎందుకు నిలబెట్టాలో అవ్వ మాటలోనే ఉంది. ఎవరు నిలబెడితే గెలిచినవాళ్లు వాళ్లకే జవాబు చెబుతారు. మిల్లు యజమాని నిలబెడితే మిల్లుకు. సంఘం నిలబెడితే సంఘానికి.

చట్టం ఏం చెబుతుంది?

ఆడవాళ్లకు సీట్లు ఎవరో దయతలచి ఇచ్చినవి కావు. 1992లో పార్లమెంటు రాజ్యాంగానికి 73వ సవరణ చేసింది. అది 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చింది. పంచాయతీల్లో మూడో వంతు సీట్లు ఆడవాళ్లకు ఉండాలని ఆ సవరణ చెప్పింది. దానికి తగ్గట్టు 1994లో ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టం వచ్చింది. ఆ తర్వాత మూడో వంతు కాస్తా సగం అయింది. 2013 పంచాయతీ ఎన్నికల్లో సగం సీట్లు ఆడవాళ్లకు ఇచ్చారు. తెలంగాణలో 2018లో వచ్చిన కొత్త చట్టంలో కూడా సగం సీట్లు ఆడవాళ్లవే.

రెండు రాష్ట్రాల్లోనూ సర్పంచ్‌ను ప్రజలే నేరుగా ఎన్నుకుంటారు. ప్రతి ఓటరుకూ రెండు ఓట్లు ఉంటాయి. ఒకటి సర్పంచ్‌కు. ఇంకొకటి తన వార్డు సభ్యుడికి లేదా సభ్యురాలికి. గ్రామ పంచాయతీ ఎన్నికల్లో పార్టీ గుర్తులు ఉండవు. ఎన్నికల సంఘం ఇచ్చే విడి గుర్తులే ఉంటాయి. అందువల్ల నిలబడటానికి ఏ పార్టీ టికెట్టూ అక్కర్లేదు.

నిలబడాలంటే 21 ఏళ్లు నిండాలి. ఆ పంచాయతీలో ఓటు ఉండాలి. ఆమె పేరును ప్రతిపాదించడానికి ఇంకొక ఓటరు ఉండాలి. మిగతా నియమాలు అప్పుడప్పుడు మారుతుంటాయి. 1994 చట్టంలో ఇద్దరికంటే ఎక్కువమంది పిల్లలున్నవాళ్లు పోటీకి పనికిరారనే నియమం ఉండేది. ఆంధ్రప్రదేశ్‌లో ఆ నియమాన్ని 2024లో తీసేశారు. కాబట్టి నామినేషన్‌కు ముందే ఎన్నికల అధికారిని అడిగి అన్నీ తెలుసుకోవాలి.

పోటీ లేకపోతే ఏకగ్రీవం అవుతుంది. అది తప్పు కాదు. కానీ సీటును వేలం వేయడం, డబ్బు ఆశచూపో బెదిరించో పోటీదారును తప్పించడం చట్టానికి విరుద్ధం.

ఇంతకుముందు ఎవరైనా చేశారా?

"సంఘం నిలబెట్టిన ఆడవాళ్లు ఎక్కడైనా గెలిచారా?" అని ఒకామె అడిగింది. గెలిచారు. అది మహారాష్ట్రలో జరిగింది.

అక్కడ శేత్కరీ సంఘటన అనే రైతు సంఘం ఉంది. అప్పట్లో దాని నాయకుడు శరద్ జోషి. ఉల్లిపాయలకూ, పత్తికీ గిట్టుబాటు ధర కావాలని ఆ సంఘం పెద్ద పోరాటాలు చేసింది. ఆ పోరాటాల్లో ఆడవాళ్లు కూడా రోడ్లెక్కారు. 1986లో నాసిక్ జిల్లా చాంద్‌వడ్ అనే ఊళ్లో రైతు ఆడవాళ్ల పెద్ద సభ జరిగింది. వేలమంది వచ్చారు. పంచాయతీ ఎన్నికల్లో సంఘం తరఫున ఆడవాళ్లనే నిలబెట్టాలని ఆ సభలో అనుకున్నారు.

అప్పటికి మూడో వంతు సీట్ల చట్టం రాలేదు. అయినా వాళ్లు ఆగలేదు. 1989లో కొన్ని ఊళ్లలో పంచాయతీ సభ్యులంతా ఆడవాళ్లే అయ్యారు. జళగావ్ జిల్లాలోని విట్నేర్, యవత్మాల్ జిల్లాలోని మేటీఖేడా అలాంటి ఊళ్లే. అదే కాలంలో ఆ సంఘం ఇంకో పని పెట్టుకుంది. మగవాళ్లు తమ భూమిలో కొంత భార్య పేరున రాయాలని ఊరూరా చెప్పింది. ఆ పనికి లక్ష్మీముక్తి అని పేరు. విట్నేర్ రైతులు కూడా అట్లా భూమి రాసిచ్చారు.

చాంద్‌వడ్‌లో ఆడవాళ్లు "మాకు ఎవరైనా సీటు ఇవ్వండి" అని అడగలేదు. "మా సంఘం మమ్మల్ని నిలబెట్టాలి" అన్నారు. పోరాటంలో ముందు నడిచినవాళ్లు ఎన్నికల్లోనూ ముందు నిలబడ్డారు. రెండింటికీ అదే తేడా.

దూబగుంట చెప్పే పాఠం

అవ్వకు దూబగుంట కథ తెలుసు. అది నెల్లూరు జిల్లాలో ఒక ఊరు. అక్షరాలు నేర్చుకోవడానికి రాత్రిబడిలో కలిసిన ఆడవాళ్లు తమ కష్టాలు మాట్లాడుకున్నారు. కూలి డబ్బంతా సారాకే పోతోందని గుర్తించారు. అందరూ ఒక్కటై సారా అంగడి మూయించారు. వాళ్లలో ముందు నిలిచిన వర్ధినేని రోశమ్మను దూబగుంట రోశమ్మ అని పిలిచేవారు. ఆ ఊరి కథ అక్షరాస్యత పుస్తకాల్లో పాఠంగా వచ్చింది. ఆ పాఠం చదివి 1992లో జిల్లా అంతా కదిలింది. తర్వాత రాష్ట్రమంతా కదిలింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధించారు. 1995 జనవరిలో మద్యం అంతా నిషేధించారు.

అది ఆడవాళ్ల గెలుపే. కానీ కథ అక్కడితో అయిపోలేదు. 1997లో ప్రభుత్వం మద్య నిషేధాన్ని ఎత్తేసింది. సారా మీద నిషేధం మాత్రం మిగిలింది. ఎత్తేసేటప్పుడు ఊరి ఆడవాళ్లను ఎవరూ అడగలేదు.

రోడ్డు మీద నిలబడి అడిగితే కొన్ని వస్తాయి. కానీ ఇచ్చేదీ వాళ్లే, తీసుకునేదీ వాళ్లే అయితే వచ్చింది నిలవదు. నిర్ణయం జరిగేచోట మన మనిషి కూడా కూర్చోవాలి. బయట సంఘం ఉండాలి, లోపల సంఘం మనిషి ఉండాలి. ఒక చేత్తో చప్పట్లు రావు గదా.

సందేహాలు – జవాబులు

ఆ రాత్రి మీటింగులో చాలా సందేహాలు వచ్చాయి.

"రాజకీయాలు బురద. మనకెందుకు?" అంది ఒకామె. బురద అని పక్కకు తప్పుకుంటే బురద పోదు. నీళ్లు, వీధి దీపాలు, మురుగు కాలువలు, ఊరి శుభ్రం అన్నీ పంచాయతీ పనులే. ఆ పనులు చేయించుకోవడమే పంచాయతీ రాజకీయం.

"మనలో మనకు తగవులొస్తాయి" అంది ఇంకొకామె. రావచ్చు. అందుకే గుట్టుగా కాకుండా అందరి ముందూ ఎంచుకోవాలి. సంఘం ఒక్కరినే నిలబెట్టాలి. ఇద్దరు నిలబడితే ఓట్లు చీలి ఇద్దరూ ఓడిపోతారు.

"ఖర్చు ఎక్కడినుంచి తెస్తాం?" అంది మరొకామె. సంఘం మనిషికి మందు పోయించే ఖర్చు లేదు. ఓటుకు నోటు ఇచ్చే ఖర్చు లేదు. అవి రెండూ నేరాలే. నామినేషన్ రుసుము, కరపత్రాలు, ఇంటింటికీ తిరగడం. ఇవే ఖర్చులు. ఇష్టమున్నవాళ్లు తలా కొంత వేసుకోవచ్చు. లెక్క రాసి ఎన్నికల అధికారికి ఇవ్వాలి. పొదుపు డబ్బు మాత్రం ముట్టుకోకూడదు. అది అందరి కష్టం. "ఫలానా ఆమెకు ఓటు వేయకపోతే నీకు అప్పు రాదు" అని ఎవరినీ బెదిరించకూడదు. ఓటు ఎవరి ఇష్టం వారిది.

"గెలిచాక ఆమె మారిపోతే?" అని లీడరు అడిగింది. ఇది అసలైన సందేహం. మన మనిషి అయినంత మాత్రాన దేవత కాదు. కుర్చీ ఎవరినైనా మారుస్తుంది. అందుకే నిలబెట్టేముందే షరతులు రాసుకోవాలి. గెలిచాక లెక్క అడగాలి. పరాయివాళ్లను లెక్క అడగాలంటే భయం. మన మనిషిని అడగడానికి భయమెందుకు?

చింతగింజల ఓటు

అన్నీ మాట్లాడుకున్నాక సంఘం తన మనిషిని నిలబెట్టాలనుకుంది. మరి ఎవరిని?

లీడరుకు తనే నిలబడాలని ఉంది. ఆమె మంచి మాటకారి. మండలం ఆఫీసులో అందరూ తెలుసు. కొంతమంది పాలకేంద్రం వదిన పేరు చెప్పారు. ఆమె తక్కువ మాట్లాడుతుంది. కానీ ఆరేళ్లుగా పాల లెక్కల్లో ఒక్క రూపాయి తేడా రాలేదు. అర్జీ ఇవ్వడానికి నాలుగుసార్లూ పోయింది ఆమే.

రెండు కుండలు లోపల గదిలో పెట్టారు. ఒకదాని ముందు దీపం, ఇంకొకదాని ముందు చెంబు పెట్టారు. దీపం లీడరుకు. చెంబు పాలకేంద్రం వదినకు. ఒక్కొక్కరే పోయి ఒక్కో చింతగింజ వేసి వచ్చారు. తర్వాత అందరి ముందూ లెక్కపెట్టారు. దీపం కుండలో పద్నాలుగు. చెంబు కుండలో ఇరవై మూడు.

లీడరు కాసేపు తల వంచుకుంది. అందరూ ఆమె వంకే చూశారు. ఆమె లేచిపోతే సంఘం రెండు ముక్కలవుతుంది.

"సరే వదినా. నీ పేరు నేనే ప్రతిపాదిస్తా" అంది లీడరు.

పాలకేంద్రం ఆమె కళ్లనిండా నీళ్లు తిరిగాయి. అప్పుడు సంఘం పుస్తకంలో ఈ షరతులు రాశారు:

1. గెలిచినా ప్రతి వారం సంఘం మీటింగుకు వచ్చి చాప మీద కూర్చోవాలి.
2. పంచాయతీకి వచ్చిన డబ్బు, అయిన ఖర్చు గ్రామసభలో చదివి చెప్పాలి.
3. చదవకుండా ఏ కాగితం మీదా సంతకం పెట్టకూడదు.
4. ఆమె బదులు భర్తగానీ, కొడుకుగానీ పంచాయతీలో కూర్చోకూడదు.
5. ఆమె సంఘానికే కాదు, ఊరందరికీ సర్పంచ్. ఓటు వేయనివాళ్లకూ నీళ్లు రావాలి.

సంఘం కూడా తన మాట రాసింది: "ఆమె ఒక్కతే ఆఫీసులకు పోదు. ఎవరైనా ఇద్దరు తోడు పోవాలి. ఆమెను ఎవరైనా బెదిరిస్తే అందరం నిలబడాలి."

కింద అందరూ సంతకాలు చేశారు.

నామినేషన్ రోజు

పొద్దున్నే పెద్దలు ఇద్దరు అవ్వ ఇంటికి వచ్చారు. "ఏందవ్వా ఇది? ఏకగ్రీవం పాడు చేస్తున్నారు. గుడికి మండపం రాకుండా చేస్తారా?" అన్నారు.

"మండపం దేవుడికి. నీళ్లు మనుషులకు. ఎనిమిది నెలలుగా బిందెలు మోసేది మేము గదా నాయనా. ఆయనకు భక్తి ఉంటే పోటీ ఉన్నా కట్టిస్తాడులే" అంది అవ్వ.

ఎన్నికల అధికారి ముందు పాలకేంద్రం ఆమె కాగితాలు పెట్టింది. ప్రతిపాదించేవాళ్లు సంతకం చేయాలన్నాడు ఆయన. స్టాంపు ప్యాడ్ ముందుకు జరిపాడు. లీడరు దాన్ని పక్కకు నెట్టింది. పెన్ను తీసుకుని అక్షరం అక్షరం కూడబలుక్కుని తన పేరు రాసింది. రెండేళ్ల కిందట అదే చేత్తో ఆమె వేలిముద్ర వేసేది.

బయటికి వచ్చాక పాలకేంద్రం ఆమె మెల్లగా అడిగింది: "ఓడిపోతే ఎట్లా అవ్వా?"

"ఓడిపోతే ఓట్లు పోతాయి. సంఘం పోదు. నిలబడకపోతే మాత్రం మళ్లీ అయిదేళ్లు గుమ్మం ముందే" అంది అవ్వ.

తర్వాత

ఆమె కొద్ది ఓట్లతో గెలిచింది. సంఘం నిలబెట్టిన వార్డు సభ్యుల్లో ఇద్దరు గెలిచారు, ఇద్దరు ఓడిపోయారు.

మోటారు మర్నాడే రాలేదు. పాత కరెంటు బిల్లు బాకీ ఉంది. పంచాయతీలో తీర్మానం చేయాలి. మండలం ఆఫీసు చుట్టూ తిరగాలి. మూడు నెలలు పట్టింది. ప్రతి వారం ఆమె చాప మీద కూర్చుని ఏ కాగితం ఎక్కడ ఆగిందో చెప్పింది. ఒక వారం రాలేకపోయింది. ఆ పై వారం సంఘం గట్టిగా అడిగింది. ఆమె తప్పు ఒప్పుకుంది. మళ్లీ మానలేదు.

ట్యాంకుకు నీళ్లు ఎక్కిన రోజు సాయంత్రం మీటింగులో ఒక కొత్త మనిషి కనిపించింది. మిల్లు వాళ్ల కోడలు. చాప చివర కూర్చుంది.

"నేను కూడా సంఘంలో చేరొచ్చా అక్కా?" అని అడిగింది.

అవ్వ పక్కకు జరిగి చోటిచ్చింది.

ఆలోచించండి – మాట్లాడండి

1. మీ పంచాయతీలో ఎంతమంది ఆడవాళ్లు గెలిచారు? పని చేస్తున్నది వాళ్లా, వాళ్ల ఇంటి మగవాళ్లా?
2. మీ సంఘం ఒకరిని నిలబెట్టాలంటే ఎవరిని నిలబెడతారు? ఎందుకు? ఎట్లా ఎంచుకుంటారు?
3. ఈ సంఘం రాసుకున్న అయిదు షరతుల్లో ఏది అన్నిటికంటే ముఖ్యం? మీరు ఇంకేం చేరుస్తారు?
4. మిల్లు వాళ్ల కోడలి స్థానంలో మీరుంటే ఏం చేసేవారు?

కొత్త మాటలు

ఏకగ్రీవం – పోటీ లేకుండా ఒక్కరే ఎన్నిక కావడం.
ప్రతిపాదించడం – ఫలానావారు పోటీ చేయాలని పేరు చెప్పడం.
సవరణ – ఉన్న చట్టంలో చేసే మార్పు.
తీర్మానం – సభలో అందరూ కలిసి చేసిన నిర్ణయం.

చేసి చూడండి

మీ పంచాయతీ ఆఫీసుకు ఇద్దరిద్దరుగా వెళ్లండి. ఓటర్ల జాబితాలో మీ పేరు ఉందో లేదో మీరే చదివి చూసుకోండి. వచ్చే గ్రామసభ ఏ రోజో అడిగి సంఘం పుస్తకంలో రాసుకోండి.